పెట్టె విప్పే రోజు

మా అత్తగారి ఊరు నిర్మల్ జిల్లాలో, ఖానాపూర్ వైపు. ఆ ఊళ్ళో దుబాయ్ నుంచి ఎవరింటికి మనిషి వచ్చాడో ఎవరినీ అడగక్కర్లేదు. వాడకట్టులోకి అడుగు పెట్టగానే వాసనే చెప్పేస్తుంది. పొద్దున్నే పాలకు వచ్చిన పిల్ల దగ్గర సెంటు వాసన, బోరింగు దగ్గర బిందె పెట్టిన ముసలమ్మ కొంగులో సెంటు వాసన. ఆఖరికి వాకిట్లో కట్టేసిన దూడకు కూడా ఓ చుక్క కొట్టారేమో అనిపిస్తుంది. ఆ ఇంట్లో రాత్రి పెట్టె విప్పారన్నమాట.

పెట్టె విప్పడం అంటే ఏమిటో మా వైపు ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్... ఏ పల్లెకు వెళ్ళినా ఒకటే తంతు. ప్లాస్టిక్ తాడుతో నలువైపులా బిగించి, లావు మార్కర్‌తో పేరూ ఊరూ ఫోన్ నంబరూ రాసిన అట్టపెట్టె నడింట్లో పెడతారు. కత్తెరో కొడవలో తెచ్చి తాడు కోస్తారు. పులి బొమ్మ దుప్పటి, ఖర్జూరాలు, టాంగ్ డబ్బా, టైగర్ బామ్, యాక్స్ ఆయిల్, నీలం రంగు నివియా డబ్బా, లక్స్ సబ్బులు. మన కిరాణా కొట్టులో దొరికే లక్సే, కాకపోతే "దుబాయ్ లక్సు నురగ వేరే" అంటారు. ఇవన్నీ అయ్యాక, పెట్టెలోంచి కాదు, భుజానికి వేసుకొచ్చిన సంచీలోంచి, సీలు వేసిన ప్లాస్టిక్ కవరు బయటికి వస్తుంది. లోపల సెంటు సీసాలు. డ్యూటీ ఫ్రీవి. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న గది ఒక్కసారి చప్పుడు లేకుండా అయిపోతుంది.

ఇరవై ఏళ్ళుగా ఈ పెట్టెలు చూస్తున్నాను. నా మాట మా ఇంట్లోనే సగం మందికి నచ్చదని తెలిసీ రాస్తున్నాను. ఆ సీసాల లిస్టు రాసేది మనం, ఆడవాళ్ళం. కొనేది వాళ్ళు కావచ్చు, లిస్టు మనది. దాన్ని చింపాల్సిందీ మనమే.

మా మరిది దుబాయ్‌లో కట్టడాల పని చేస్తాడు. రెండేళ్ళకోసారి నలభై రోజులు వస్తాడు. వచ్చే నెల ముందు నుంచే ఫోన్లు మొదలు. మా ఆడిబిడ్డకు ఒకటి, వాళ్ళాయనకు ఒకటి (అల్లుడికి ఇవ్వకుంటే ఇంకేమైనా ఉందా), పెద్దత్తమ్మ కోడలికి ఒకటి, వీసాకు అప్పు ఇచ్చిన సేటు భార్యకు ఒకటి, పోయినసారి ఇవ్వలేదని అలిగిన మేనత్తకు ఒకటి. పంచిపెట్టేది మా అత్తమ్మ. ఎవరికి ఏ సీసా అనేది ఆమె చూపులోనే తేలిపోతుంది. పెద్ద సీసా పెద్దింటికి. చివరకు మా యారాలి వంతు వచ్చేసరికి మిగిలేది సబ్బో, పౌడర్ డబ్బానో. "నాకేంది అక్కా, మనిషే వచ్చిండు గద" అంటుంది నవ్వుతూ. ఆ నవ్వును ఇరవై ఏళ్ళు నేనూ అలాగే వదిలేశాను. నాకిచ్చిన సీసాను నేనూ తీసుకున్నాను మరి.

పోయిన ఏడాది మా ఆయనా నేనూ నాలుగు రోజుల టూరు ప్యాకేజీలో దుబాయ్ వెళ్ళాం. ఆదిలాబాద్ నుంచి శంషాబాద్‌కు మూడు వందల కిలోమీటర్ల పైనే, నాలుగో నాలుగో గంటలో విమానం, నిద్ర లేదు. అక్కడ చూసిన ఎత్తు మేడల కన్నా నాకు గుర్తున్నది తిరుగు ప్రయాణంలో చూసిన ఆ దుకాణమే. దుకాణం అనడం చిన్నమాట, అదో అంగడి. ఎయిర్‌పోర్ట్‌లో చెకింగ్ అయ్యాక ఎటు నడిచినా దాని మధ్యలోంచే నడవాలి. వెలుగు, అద్దాలు, గాలంతా తీపి. ఆ వెలుగులో మనవాళ్ళు. ముఖాలు చూడగానే తెలిసిపోతుంది. ఎండకు కమిలిన మెడ, కొత్త చొక్కా మీద మడత గీతలు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆ కాగితం చూసి నాకు కడుపులో కలుక్కుమంది. అది మన లిస్టే కదా.

ఒక సీసా ధర చూశాను. 400 దిర్హాములకు కొంచెం అటూ ఇటూ. మన లెక్కలో తొమ్మిది వేల పైమాట. మీకు గుర్తుందో లేదో, 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఎమిరేట్స్, ఒమన్, బహ్రెయిన్ లాంటి దేశాలకు పోయే మన కార్మికుల కనీస వేతనాన్ని నెలకు 200 డాలర్లకు తగ్గించింది. అంటే 734 దిర్హాములు. మనవాళ్ళు గొడవ చేసి, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళాక, 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. కాగితం మీద ఒక మనిషి నెల కష్టానికి కట్టిన ఆ వెలకు ఇలాంటి సీసాలు రెండు కూడా రావు. మా లిస్టులో ఐదుండేవి.

"డ్యూటీ ఫ్రీ అంటే చీపే కదా" అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ మాటకు అర్థం ఒక్కటే: ఆ దేశం ఆ సరుకు మీద పన్ను వేయలేదని. ఎమిరేట్స్‌లో వస్తువు మీద పన్నే తక్కువ. 2018 జనవరి దాకా వ్యాట్ లేనే లేదు, పెట్టాక కూడా ఐదు శాతమే. దిగుమతి సుంకం ఇంకో ఐదు. ఆ కాస్త మినహాయింపు పోగా, ఎయిర్‌పోర్ట్ దుకాణం కట్టే అద్దె మాటేమిటి? అది మన సీసా మీదే కదా పడేది. అదే సీసా దేరా బజారులో బేరమాడితే అదే ధరకో, ఒక్కోసారి తక్కువకో వస్తుందని మా మరిదే చెప్పాడు. మన దగ్గరి ధరతో పోలిస్తే తక్కువే, ఒప్పుకుంటాను. ఇక్కడ కస్టమ్స్ సుంకం, దాని మీద 18 శాతం జీఎస్టీ. కానీ ఇక్కడైతే మనం ఆ సీసా కొంటామా? కొనని వస్తువు మీద ఎంత ఆదా అయితే ఏం లాభం.

ఈ దుకాణాల పుట్టుక తెలిసి నవ్వుకున్నాను. 1947లో ఐర్లండ్‌లోని షానన్ విమానాశ్రయంలో బ్రెండన్ ఓరీగన్ అనే ఆయన మొదలుపెట్టాడు. అమెరికా, ఐరోపాల మధ్య తిరిగే విమానాలు ఇంధనానికి అక్కడ దిగేవి. అప్పట్లో విమానం ఎక్కేవాళ్ళంటే డబ్బున్నవాళ్ళే. వాళ్ళు ఖాళీగా కూర్చునే ఆ కాసేపట్లో జేబు తేలిక చేద్దామని పెట్టినదది. దుబాయ్ వాళ్ళది 1983 డిసెంబరు 20న తెరిచారు. 2024లో దాని అమ్మకాలు రెండు వందల కోట్ల డాలర్లు దాటాయి. అందులో మొదటి వరుస సెంట్లదే. ఆ లెక్కలో మా ఖానాపూర్ వైపు కష్టం కూడా కొంత కలిసే ఉంటుంది.

ఇంకో సంగతి. మొన్న మొన్నటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. విమానంలో చేతి సంచీలో 100 ఎం.ఎల్. దాటిన ద్రవం తీసుకుపోనివ్వరు. 2006 నుంచి ఉన్న నియమం. డ్యూటీ ఫ్రీలో కొన్నదైతే సీలు కవరులో, బిల్లు బయటికి కనిపించేలా పెట్టి ఇస్తారు. చివరి ఊరు చేరేదాకా ఆ సీలు విప్పకూడదు. మా మరిది ఒకసారి తక్కువ టికెట్ అని మధ్యలో విమానం మారే దారిలో వచ్చాడు. కూచున్న చోట ఖాళీగా ఉండలేక, ఫొటో తీసి మాకు పంపుదామని కవరు విప్పాడు. రెండో చెకింగ్‌లో పెద్ద సీసా తీసి డబ్బాలో పడేశారు. ఆ ఫొటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. సీసా మాత్రం మా ఊరు చేరలేదు. మా అత్తమ్మ దాని గురించి నెల రోజులు సణిగింది. ఫొటో పంపమని గ్రూపులో అడిగింది నేనేనని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

అలాగే డ్యూటీ ఫ్రీలో కొన్నది కాబట్టి మన కస్టమ్స్ వాళ్ళు లెక్కలోకి తీసుకోరనే భ్రమ కూడా చాలామందికి ఉంది. తీసుకుంటారు. సెంటయినా సెల్లయినా తెచ్చిన సామాను మొత్తానికి కలిపి ఒక పరిమితి ఉంటుంది. 2016 నియమాల్లో గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళకు 50,000 రూపాయలని రాశారు. ఇవి మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు చూసుకోమని చెప్పండి.

ఇక ముఖానికి రాసుకునేవాటి సంగతి. సెంటు తప్పు కొంటే పోయేది డబ్బే. మగవాళ్ళు కొనే ఫౌండేషన్లు, లిప్‌స్టిక్కులు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. అక్కడి అమ్మాయి చూపించిందల్లా తెల్ల రంగే. మా యారాలికి ఒకసారి తెచ్చిన ఫౌండేషన్ రాసుకుంటే పండగ ముందు సున్నం కొట్టిన గోడలా ఉంది. పిల్లలు నవ్వారు. అది కడుక్కోవడానికి లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆయనకు భార్య రంగు ఎలా ఉంటుందో రెండేళ్ళలో మరుపుకొచ్చిందా, లేక గుర్తుండే తెల్లది కొన్నాడా? ఆ ప్రశ్న ఆమె నన్ను అడగలేదు. నేను ఆయన్ను అడగలేదు.

అంతకన్నా భయపడాల్సింది బజారులో తోపుడు ధరకు దొరికే తెల్లబడే క్రీములకు. డబ్బా మీద ఎవరు చేశారో సరిగ్గా ఉండదు, ఏం కలిపారో ఉండదు. ఇలాంటి క్రీములు వాడినవాళ్ళకు కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో డాక్టర్లు బయటపెట్టారు. అది కూడా మనలాగే గల్ఫ్ పెట్టెల జిల్లా. కారణం పాదరసం. పది లక్షల వంతుల్లో ఒక వంతు కన్నా ఎక్కువ పాదరసం ఉన్న క్రీములు 2020 తర్వాత తయారు చేయకూడదు, ఎగుమతి దిగుమతి చేయకూడదని మినమాటా ఒప్పందంలో ఉంది. ఒప్పందం కాగితం మీద ఉంటుంది, క్రీము మన ముఖం మీద ఉంటుంది. వారంలో తెల్లబడితే సంతోషపడకండి, భయపడండి.

ఇంత చెప్పి, ఇదంతా దండుగ అని తేల్చేయడం నాకు సులువే. నిజానికి దుబాయ్‌లో మా మరిది ముందు అలాగే తేల్చాను. ఆ ఆదివారం అతనికి సెలవు. సోనాపూర్ క్యాంపు నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చాడు. మా ఆయన చాయ్ తేవడానికి వెళ్ళాడు. "ఇగ సెంట్లు తేకు. ఆ పైసలు వడ్డీకన్న కట్టు. ఎందుకీ దండుగ?" అన్నాను, పెద్దదాన్ని కదా. అతను కాసేపు నేల చూశాడు.

"దండుగనే వదినె. నాకు ఎర్క లేదా?" అన్నాడు. "కానీ రెండేండ్లల్ల నన్ను సార్ అన్నది ఆ ఒక్క దుకాణంలనే. సైటు మీద నంబరు పెట్టి పిలుస్తరు. ఆడ ఆ పిల్ల అట్టముక్క మీద సెంటు కొట్టి, 'సార్, ఇది చూడండి' అంటది. నేను వాసన చూసి, 'వద్దు, ఇంకోటి చూపియ్' అంట. వద్దు అననీకి నాకు దొరికేది ఆ పది నిమిషాలే."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. చాయ్ వచ్చింది, తాగాం.

తిరిగి వచ్చాక ఆలోచిస్తే ఒకటి తోచింది. వద్దు అనగలిగే ఆ పది నిమిషాలను కూడా మన కాగితం తినేస్తోంది. చేతిలో లిస్టున్న మనిషి ఏం ఎంచుకుంటాడు? పేరు చూడటం, టిక్కు పెట్టడం. విమానానికి టైమవుతోంది, ఐదు ఒకేరకంవి వేయమనడం. అతను సార్‌గా ఉండే కాసేపట్లో కూడా మనం అతనికి పని ఒప్పజెప్పాం. నేను చింపమంటున్నది లిస్టును. అతను తనకు నచ్చి, ఆగి, వాసన చూసి కొనే ఒక్క సీసా జోలికి నేను పోను. అది అప్పుల లెక్కలో తప్పే అయినా పోను. ఆ ఒక్కటి ఎవరికివ్వాలో మా అత్తమ్మ చూపు తేల్చకూడదు. అది అతని పెళ్ళానిది.

"ఊరంతా ఏమనుకుంటరు, ఉత్త చేతులతో వచ్చిండంటరు" అంటుంది మా అత్తమ్మ. ఆమె మాటను కొట్టిపారేయను. మా మామయ్య బొంబాయి బస్సెక్కి, అక్కడి నుంచి విమానమెక్కి మస్కట్ పోయిన మనిషి. ఆయన తెచ్చిన మొదటి సెంటు సీసా ఖాళీ అయ్యాక కూడా ఆమె ఏళ్ళ తరబడి చీరల మడతల్లో పెట్టుకుంది. పేదింటికి అప్పుడు ఆ వాసన ఒక మర్యాద. నలుగురికీ ఒక్కో చుక్క కొట్టి ఆ మర్యాద సంపాదించుకుందామె. కానీ అది చుక్క. ఇప్పుడు మనిషికో సీసా అయింది. నలుగురికీ ఏదో ఒకటి ఇవ్వాలంటే కిలో ఖర్జూరాలు పంచితే ఊరు సంతోషపడుతుంది. అంత సువాసనే కావాలంటే చార్మినార్ దగ్గర చిన్న అత్తరు సీసాలు వందా రెండొందలకు దొరుకుతాయి. మీకో వింత చెప్పనా? దుబాయ్ వాళ్ళు ప్రాణం పెట్టే ఊద్ వాసన అగరు చెట్టుది. ఆ చెట్టు మన అస్సాంలో పెరుగుతుంది. మనవాళ్ళు కొనుక్కొచ్చే అజ్మల్ కంపెనీని మొదలుపెట్టిన ఆయనది అస్సాంలోని హొజాయ్. చెట్టూ మనదే, పోయిన మనిషీ మనవాడే, వాసన మాత్రం దుబాయ్‌దయింది.

ఇక ఆ ఒక్క సీసా దక్కినవాళ్ళకు ఒక మాట. వాడండి. మూడేళ్ళ కింద ఎలాగో మా యారాలికి ఒక మంచి సీసా దక్కింది. ఆమె దాన్ని సీలు కూడా తీయకుండా బీరువాలో పైన పెట్టింది. "ఆయన మళ్ళ వచ్చినంక కొట్టుకుంట" అంది. రేకుల ఇల్లు, ఇనప బీరువా, ఎండాకాలం మా జిల్లాలో 45 డిగ్రీలు. సెంటుకు వేడి పడదు, వెలుతురు పడదు. రెండేళ్ళ తర్వాత ఆయన వచ్చిన రోజు విప్పితే లోపలిది చాయ్ రంగులోకి తిరిగింది. వాసన పులిసిన పండులా ఉంది. ఆ రాత్రి ఆమె దాన్నే కొట్టుకుంది. మరునాడు నాతో చెప్పి, నవ్వింది. ఈసారి ఆ నవ్వును నేను ఊరికే వదలలేదు. కూర్చోబెట్టి చెప్పాను. డబ్బా మీద మూత తీసిన గిన్నె బొమ్మ, అందులో 12ఎం అని ఉంటే మూత తీశాక పన్నెండు నెలలే మంచిదని. ఓ ద పర్ఫ్యూమ్ అంటే చిక్కటిది, నాలుగు గంటలన్నా ఉంటుందని, ఓ ద టాయిలెట్ పలచనిది, తొందరగా పోతుందని. మూడు వాసనలు చూశాక ముక్కు మొద్దుబారుతుంది, అప్పుడు కొనకూడదని. మొదట కొట్టగానే వచ్చే వాసన పావుగంటలో పోతుంది, చేతి మీద కొట్టుకుని కాసేపు తిరిగొచ్చాక ఉండేదే అసలుదని. ఆమె శ్రద్ధగా విన్నది. ఇవన్నీ ఆయనకు ఫోన్‌లో చెప్తానంది.

మా మరిది ఈ దసరాకు వస్తున్నాడు. లిస్టు ఫోన్లు మొదలుకాకముందే నేనే ఫ్యామిలీ గ్రూపులో రాశాను, ఈసారి సెంట్లు లేవు, ఖర్జూరాలు మాత్రమే అని. నా పేరే మొదట కొట్టేశాను. ఆడిబిడ్డ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అత్తమ్మ "పెద్ద కోడలు పెత్తనం" అంది. పడ్డాను. మా ఆయన మాత్రం ఏమీ అనకుండా, సేటు దగ్గర ఇంకా ఎంత బాకీ ఉందో కాగితం మీద కూడి నా ముందు పెట్టాడు.

నిన్న యారాలికి ఫోన్ చేసి, "నీకేం కావాలె? సిగ్గుపడకుండ చెప్పు, పెద్దదే తెమ్మంట" అన్నాను.

"పెద్దది వద్దక్కా," అంది. "ముప్పై ఎం.ఎల్.ది ఉంటదట కద, గది చాలు. ఆయన ఉన్న నలభై రోజులల్లనే అయిపోవాలె."